ఆరు సిలిండర్ల తలరాత

ఇంజనుకు తల ఉంటుంది. మన గ్యారేజీలలో దాన్ని హెడ్డు అంటారు. "హెడ్డు దించాలి సార్" అని మేస్త్రీ అనగానే బండి యజమాని ముఖం వాడిపోవడం మనలో చాలామంది చూసే ఉంటారు. సిలిండర్లకు మూతలా పైన బిగించే ఈ పోతలోహపు దిమ్మలోనే గాలి లోపలికి వచ్చే దారి, పొగ బయటికి పోయే దారి, ఆ దారులకు తలుపుల వంటి కవాటాలు, నిప్పు రాజుకునే దహనగది, వీటన్నిటినీ చల్లార్చే నీటి బాటలు ఇమిడి ఉంటాయి. కింది దిమ్మ ఎంత బలం తట్టుకోగలదో చెబుతుంది. నిజంగా ఎంత బలం పుడుతుందో నిర్ణయించేది మాత్రం తలే. ఇంజనుకు వేగం, సత్తువ పెంచాలనుకునేవారు మొట్టమొదట వెతికేది మంచి హెడ్డు కోసం. ఒకే వరుసలో ఆరు సిలిండర్లు నిలబడిన ఇంజను విషయంలో ఆ ఎంపిక ఒక వందేళ్ళ కథ. ఆ కథలో మన హైదరాబాదుకూ, షంషాబాదు మీదుగా పోయే రహదారికీ భాగముంది.

ఆరు సిలిండర్ల వరుస ఇంజనుకు ప్రకృతి ఒక వరమూ ఒక శాపమూ ఇచ్చింది. వరం ఏమిటంటే, క్రాంకు మీద మూడు దిశల్లో 120 డిగ్రీల ఎడంతో జతలుగా అమర్చిన ఆరు పిస్టన్ల కదలికలు ఒకదాన్నొకటి సరిగ్గా రద్దు చేసుకుంటాయి. నాలుగు సిలిండర్ల ఇంజనులో మిగిలిపోయే ఆ సన్నని వణుకు ఇందులో ఉండదు. 1-5-3-6-2-4 వరుసలో నిప్పు పడుతుంటే ఇంజను మీద నిలబెట్టిన నాణెం పడిపోదని పాతకాలపు అమ్మకందార్లు ప్రదర్శనలు ఇచ్చేవారు. శాపం పొడవు. దిమ్మ పొడుగు, క్రాంకు పొడుగు, తల కూడా పొడుగు. పొడుగాటి తల వేడెక్కితే వంకర పోతుంది. చిన్న లెక్క వేసి చూడండి. 700 మిల్లీమీటర్ల అల్యూమినియం హెడ్డు 70 డిగ్రీలు వేడెక్కితే 1.1 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. దాని కింద ఉన్న పోత ఇనుప దిమ్మ అందులో సగమే సాగుతుంది. మిగిలిన అర మిల్లీమీటరు పైచిలుకు తేడాను మధ్యనున్న పలుచటి గ్యాస్కెట్టు రోజూ, బండి తీసిన ప్రతిసారీ, నోరెత్తకుండా భరించాలి.

ఈ బాధ అసలు లేకుండా చేసిన వాళ్ళున్నారు. వాళ్ళ పనితనం హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదంలో పసుపు రంగు వేసుకుని సందర్శకుల ముందు నిలిచింది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కోసం తయారు చేయించిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టు అది. 1911 ఆగస్టులో ఆయన మరణించడంతో ఆ సింహాసనపు కారు కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌కు దక్కింది. వెండి అలంకారాలూ లోపలి గద్దె చూసి మురిసిపోయే జనం బానెట్టు కింద ఏముందో అడగరు. అక్కడ ఉన్నది 7,428 ఘన సెంటీమీటర్ల ఆరు సిలిండర్ల వరుస ఇంజను. దానికి విప్పదగిన హెడ్డే లేదు! మూడేసి సిలిండర్లను తలతో సహా ఒకే పోతగా పోసి, అటువంటి రెండు పోతలను ఒకదాని వెనక ఒకటి నిలబెట్టారు. గ్యాస్కెట్టు లేదు కనుక అది ఊడిపోయే భయమూ లేదు. ముక్కలు పొట్టివి కనుక వంకర పోయే భయమూ తక్కువే. అయితే పక్కన అమర్చిన కవాటాలను నూరాలంటే పైన ఉన్న మూతలు విప్పి ఆ రంధ్రాలలోంచే పని కానివ్వాలి. దహనగదిలో పేరుకున్న మసి గీకాలంటే సిలిండర్లనే పైకి లేపాలి. రాజుగారి కారుకు నౌకర్లకు కొదవ లేదు కాబట్టి అది కష్టమని ఎవరూ అనుకోలేదు.

దాని కంప్రెషను నిష్పత్తి మూడూ చిల్లర మాత్రమే. ఏడు లీటర్ల పైచిలుకు ఇంజను ఈనాటి చిన్న కారంత బలం కూడా ఇవ్వకపోవడానికి ప్రధాన కారణం అదే. 1925లో రోల్స్ రాయిస్ వాళ్ళు కొత్త ఫాంటంను తెచ్చినప్పుడు, సిలిండర్లను మూడేసి చొప్పున రెండు దిమ్మలుగానే ఉంచి, పైన మాత్రం విప్పదగిన ఒకే తలను పెట్టారు. కవాటాలు పక్కనుంచి నెత్తి మీదికి ఎక్కాయి. మొదట ఇనుప తల, 1928 నుంచి అల్యూమినియం తల. 1929 నాటి రెండో ఫాంటంలో గాలి ఒక పక్క నుంచి వచ్చి పొగ రెండో పక్కకు పోయే ఏర్పాటు చేశారు. ఈ నాలుగేళ్ళ మార్పులనే ఎవరైనా వరుసగా రాసుకుంటే, తర్వాతి ఎనభై ఏళ్ళలో సిక్స్ సిలిండర్ ఇంజన్ల పందెగాళ్ళు వెతుకులాడిన సంగతులన్నీ అందులో కనిపిస్తాయి.

మూడు నిష్పత్తిని ఆరో ఏడో చేసుకోవడానికి వాళ్ళకు అడ్డేమిటని సందేహం రావచ్చు. అడ్డం ఇంధనం. గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని మితిమీరి నొక్కితే, స్పార్కు ప్లగ్గు దగ్గర మొదలైన మంట అవతలి మూలకు చేరేలోపే ఆ మూలనున్న మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది. లోపల సుత్తితో కొట్టినట్టు చప్పుడు వస్తుంది. మన డ్రైవర్లు "ఇంజను నాక్ కొడుతోంది" అనేది దాన్నే. ఈ గుట్టు విప్పిన వారిలో ముఖ్యుడు ఆంగ్ల ఇంజనీరు హారీ రికార్డో. 1919 ప్రాంతంలో ఆయన సైడ్ వాల్వు ఇంజన్లకు ఒక కొత్త తలను రూపొందించాడు. దహనగదిని కవాటాల మీదికి జరిపి, పిస్టను మీద తల దాదాపు ఆనుకునేట్టు చేశాడు. పిస్టను పైకి వచ్చేసరికి ఆ ఇరుకులోంచి మిశ్రమం ఎగజిమ్మి సుడులు తిరుగుతుంది, మంట త్వరగా పాకుతుంది, నాక్ వెనక్కి తగ్గుతుంది. ఒక్క బోల్టు కూడా కింది దిమ్మలో మార్చకుండా, తల ఆకారం మార్చి బలం పెంచవచ్చునని లోకానికి రుజువు చేసినది ఆ హెడ్డే. 1921లో థామస్ మిడ్జిలీ పెట్రోలులో సీసం కలిపితే నాక్ తగ్గుతుందని కనుక్కోవడం రెండో సగం. ఆ సీసం చేసిన చేటు వేరే కథ, ఇక్కడ వద్దు.

తల, ఇంధనం ఒకదానికొకటి సరిపడకపోతే ఏమవుతుందన్నదానికి నాకు తెలిసినంతలో 1934 అక్టోబరు నాటి ఉదంతం వంటిది మరొకటి లేదు. అది జరిగింది మన దేశంలోనే.

మెల్బోర్న్ నగర శతాబ్ది సందర్భంగా ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకు విమానాల పందెం పెట్టారు. డి హావిలాండ్ కంపెనీ వారు ఆ పందెం కోసమే కామెట్ అన్న జంట ఇంజన్ల విమానాలను మూడు కట్టి ఇచ్చారు. ఫ్రాంక్ హాల్ఫర్డ్ రూపొందించిన జిప్సీ సిక్స్ ఇంజను వాటికి గుండెకాయ. 118 మిల్లీమీటర్ల బోరు, 140 మిల్లీమీటర్ల స్ట్రోకు, మొత్తం 9.186 లీటర్లు, గాలితో చల్లారే ఆరు సిలిండర్ల వరుస. దాన్ని తలకిందులుగా వేలాడదీశారు, అంటే తలలు అడుగున ఉంటాయి. ప్రొపెల్లరు ఎత్తులో ఉంటుంది, పైలటు కళ్ళకు ఇంజను అడ్డం రాదు. పొడుగాటి తల వంకర పోయే చిక్కును హాల్ఫర్డ్ ఇంకో రకంగా దాటాడు. ప్రతి సిలిండరుకూ దాని తల దానిదే. ఆరు సిలిండర్లు, ఆరు విడి తలలు. ఒకటి పాడైతే ఒక్కటే విప్పి మార్చుకోవచ్చు. పందెం విమానాల కోసం ఆ తలలను మార్చి, కంప్రెషను పెంచి, జిప్సీ సిక్స్ ఆర్ అని పేరు పెట్టారు. ఈనాడు కుర్రాళ్ళు ఇంజను ట్యూనింగు అని దేన్ని అంటారో సరిగ్గా అదే పని.

అక్టోబరు 20న మిల్డెన్‌హాల్ నుంచి పందెం మొదలయింది. జిమ్ మాలిసన్, ఎమీ జాన్సన్ దంపతులు 'బ్లాక్ మాజిక్' అన్న నల్లని కామెట్‌లో అందరికన్నా ముందు కరాచీ చేరారు. అక్కడి నుంచి అలహాబాదు దారిలో చీకట్లో దిక్కు తప్పి జబల్‌పూరులో దిగవలసి వచ్చింది. ట్యాంకులు ఖాళీ. విమానానికి తగిన హై ఆక్టేన్ పెట్రోలు ఆ ఊళ్ళో లేదు. దొరికింది అక్కడి బస్సు కంపెనీ వాళ్ళ పెట్రోలు. అదే పోసుకుని లేచారు. బస్సుకు ఏ లోటూ చేయని ఆ పెట్రోలు పెంచిన కంప్రెషను గల తలలలో విషమయింది. ఇంజను దెబ్బతిని అలహాబాదులో దిగారు. వాళ్ళ పందెం అక్కడితో సరి. అదే రకం ఇంజన్లతో, అదే రకం తలలతో బయలుదేరిన స్కాట్, క్యాంప్‌బెల్ బ్లాక్‌ల ఎర్ర కామెట్ మాత్రం ఒక ఇంజనులో చమురు పీడనం పడిపోయినా లెక్క చేయకుండా, 71 గంటల లోపు మెల్బోర్న్ చేరి గెలిచింది.

తల ఎంపికలో పెట్రోలు బంకు కూడా భాగమని ఇంతకంటె స్పష్టంగా చెప్పే సంఘటన ఏముంటుంది? ఆ జబల్‌పూరు ఏమంత దూరపు ఊరు కాదు. వారణాసి నుంచి కన్యాకుమారి దాకా పోయిన పాత ఏడో నంబరు జాతీయ రహదారి జబల్‌పూరు, నాగపూరు, హైదరాబాదు దాటి షంషాబాదు మీదుగానే కర్నూలు వైపు సాగేది. మన ముక్కకు ఇప్పుడు 44 అన్న నంబరు.

జిప్సీ సిక్స్ మామూలు రూపంలో డ్రాగన్ రాపిడ్ అన్న చిన్న ప్రయాణికుల విమానానికి జతగా అమరింది. టాటా ఎయిర్‌లైన్స్ దగ్గర అవి ఉండేవి. దాని వారసుడు జిప్సీ క్వీన్. బెంగుళూరులో హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వారు కట్టిన ప్రెంటిస్ శిక్షణ విమానంలోనూ, మన వైమానిక దళం వాడిన డెవన్‌లోనూ ఉన్నది అదే. బేగంపేటలో 1945 తర్వాత డెక్కన్ ఎయిర్‌వేస్ వారి డకోటాలు వచ్చేనాటికి కాలం గుండ్రటి రేడియల్ ఇంజన్ల వైపు మొగ్గింది. అక్కడా సిలిండరుకొక విడి తలే, కాకపోతే వరుసలో కాక చుట్టూ.

ఇక రోడ్డు మీదికి వద్దాం. 1948లో జాగ్వార్ ఎక్స్‌కె 120 బయటికి వచ్చినప్పుడు దాని 3,442 ఘన సెంటీమీటర్ల ఆరు సిలిండర్ల ఇంజనుకు అల్యూమినియం తల, తల మీద రెండు కామ్‌షాఫ్టులు, అర్ధగోళాకారపు దహనగదులు ఉన్నాయి. గాలి ప్రవాహాన్ని కొలిచి తలలు చెక్కడంలో ఆరితేరిన హారీ వెస్లేక్ చేయి దానిలో ఉంది. అన్నట్టు, ఈ వెస్లేక్ మనకు పరాయివాడు కాదు. హృదయాకారంలో ఉండే ఆయన దహనగదే బిఎంసి వారి బి-సిరీస్ ఇంజనులోకి ఎక్కి, 1,489 ఘన సెంటీమీటర్ల అంబాసిడర్‌గా మన ఇళ్ళ ముందుకు వచ్చింది. బేగంపేట విమానాశ్రయం ముందు బారులు తీరిన టాక్సీలన్నిటిలో ఆ గుండె ఆకారం ఉండేదన్న సంగతి ఎక్కిన మనకూ తెలియదు, తోలిన వాళ్ళకూ తెలియదు.

జాగ్వార్ వారి తలల వరుస ఒక పాఠ్యపుస్తకం. 1951లో లీ మాన్స్ గెలిచిన సి-టైపు కారులో ఇన్‌లెట్ కవాటం వ్యాసం మామూలు ఎక్స్‌కెలో ఉన్నంతే, 1 3/4 అంగుళాలు. పెంచినది ఎగ్జాస్టు కవాటాన్ని, 1 7/16 నుంచి 1 5/8 అంగుళాలకు. కవాటాలు తెరుచుకునే ఎత్తును కూడా పెంచారు. గాలిని ఎక్కువగా పీల్చడం కన్నా పొగను సులువుగా వదలడం మీద వాళ్ళు ముందు దృష్టి పెట్టారన్నమాట. 1955 నాటి డి-టైపుకు వచ్చేసరికి ఎగ్జాస్టు కవాటాన్ని 40 డిగ్రీల వాలుకు తిప్పి, ఇన్‌లెట్‌ను పెద్దది చేసి, మళ్ళీ గెలిచారు. మరి ఆ పందెపు తలనే ఊళ్ళో తిరిగే కారుకు ఎందుకు పెట్టలేదు? వాళ్ళు పెట్టింది బి-టైపు తల. కవాటాలు సి-టైపువి, ఇన్‌లెట్ దారి మాత్రం సన్ననిది. సన్నని దారిలో గాలి వేగంగా పోతుంది, వేగంగా పోయే గాలి ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు కూడా సిలిండరును బాగా నింపుతుంది. రద్దీలో, ఎత్తుపల్లాల మీద కావలసింది అదే.

నా మట్టుకు నాకు జాగ్వార్ తలలన్నిటిలోకీ ఈ బి-టైపే తెలివైనదనిపిస్తుంది. పెద్ద పోర్టు, పెద్ద కవాటం, మెరిసేలా నూరిన గోడలు ఉంటే చాలు బండి ఎగిరిపోతుందనుకునే నమ్మకం ఈ విద్యను పట్టిన పాత జబ్బు. ఐదువేల చుట్లు దాటిన తర్వాత పనికొచ్చే తలను రెండువేల చుట్ల మీద బతికే బండికి పెడితే, ఆరామ్‌ఘర్ నుంచి షంషాబాదు చేరేలోపే క్లచ్చు మీద కాలు తీయలేక డ్రైవరుకు ఆ సంగతి అర్థమవుతుంది.

రెండేసి సిలిండర్లకు కలిపి ఒకే గాలిదారి ఉండే తలలు ఇంకో రకం చిక్కు. నిప్పు పడే వరుస పైన చెప్పాను కదా. దాన్ని కాగితం మీద వేసుకుంటే, 3, 4 సిలిండర్లు సమాన విరామంతో గాలి పీలుస్తాయి. 1, 2 జతకూ 5, 6 జతకూ విరామం ఒకసారి 240 డిగ్రీలు, మరోసారి 480. ఉమ్మడి కాపురంలో కంచం ముందు పెట్టుకున్నవాడికే కూర దక్కినట్టు, ముందు పీల్చినవాడికే మంచి మిశ్రమం అందుతుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో షెవ్రోలే సిక్స్ ఇంజన్ల మీద మోజున్నవారు పన్నెండు పోర్టుల వేన్ హెడ్డు కోసం ఎగబడింది ఈ బాధ పడలేకే. ఫోర్డు వారి ఫాల్కన్ సిక్స్‌లోనైతే గాలి గొట్టాన్ని తలతో కలిపే పోసేశారు, మార్చుకునే వీలే లేదు. ఆస్ట్రేలియా ఫోర్డు వాళ్ళు దాన్ని విడదీసి, 1976లో క్రాస్‌ఫ్లో తలను, 1980లో అల్యూమినియం తలను తెచ్చారు. అమెరికాలో పాత జీపు తోలే మనవాళ్ళకు ఒక మాట. 2000-2001 నాటి 4 లీటర్ల ఇంజనులో 0331 అని పోతగుర్తు ఉన్న హెడ్డు మూడు, నాలుగు సిలిండర్ల మధ్య పగులుతుందని ప్రసిద్ధి. సత్తువ పెంచే ముందు ఆ నంబరు చూసుకోండి.

షంషాబాదు రోడ్డుకు అసలైన ఆరు సిలిండర్లు మాత్రం పెట్రోలువి కావు. 1954లో టాటా వారు జంషెడ్‌పూరులో మెర్సిడెస్ సాయంతో లారీలు మొదలుపెట్టినప్పుడు అందులో ఓఎం 312 అన్న 4.6 లీటర్ల ఆరు సిలిండర్ల డీజిలు ఇంజను ఉండేది. దాని తలలో ప్రతి సిలిండరుకూ ఒక చిన్న ముందుగది. డీజిలు ముందు అక్కడ రాజుకుని తర్వాత సిలిండరులోకి చిమ్మేది. చప్పుడు తక్కువ, నాసిరకం ఇంధనాన్ని కూడా సహించేది, కానీ ఆ గది గోడల గుండా వేడి వృథా అయిపోయి డీజిలు ఎక్కువ తాగేది. తర్వాతి తరంలో తల అడుగు చదునుగా మారింది. దహనగది దిగివచ్చి పిస్టను నెత్తిన గిన్నెగా కూర్చుంది. గాలిని సుడి తిప్పేలా మెలితిరిగిన ఇన్‌లెట్ దారి తలలో మిగిలింది. అవే మన లారీ మేస్త్రీల నోట నలిగిన 692, 697 ఇంజన్లు. ఆ అంకెల గుట్టు చాలామంది గమనించరు. 6 సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు, కలిపితే 697. 128 మిల్లీమీటర్ల స్ట్రోకుతో లెక్క కడితే 5,675 ఘన సెంటీమీటర్లు. నాలుగు సిలిండర్ల 407 బండిలోని 497 కూడా ఈ లెక్కలోదే.

లారీ యజమానికి తల ఎంపిక సరదా కాదు. రేడియేటరులో నీళ్ళు తగ్గిన సంగతి చూసుకోక ఒక్కసారి ఇంజను కాగిపోతే హెడ్డు వంగుతుంది, గ్యాస్కెట్టు ఊడుతుంది, నీళ్ళు చమురులో కలిసి పాలలా తెల్లబడతాయి. సరుకు రోడ్డు మీద, బండి గ్యారేజీలో, వాయిదా నెత్తి మీద. అందుకే లేత్ వర్క్స్‌లో హెడ్డు ఫేసింగ్ చేయించడం, బోల్టులను మధ్య నుంచి మొదలుపెట్టి అంచులకు పోతూ రెండు మూడు విడతలుగా బిగించడం అక్కడ శాస్త్రం కాదు, బతుకుతెరువు. ఈ గ్యాస్కెట్టు పీడ వదిలించుకోవాలని 1960ల చివర బ్రిటన్‌లో లేలాండ్ వాళ్ళు సిల్వర్ ఘోస్టు ఉపాయాన్నే మళ్ళీ తవ్వి తీశారు. 500 సిరీస్ అన్న ఆ ఆరు సిలిండర్ల డీజిలులో తల, దిమ్మ ఒకే పోత. కాగితం మీద అద్భుతం. కవాటం పని పడితే మాత్రం పిస్టన్లు, క్రాంకు అన్నీ కింది నుంచి ఊడదీయాలి. ఆ ఇంజను లేలాండ్ పేరును ఎంత దెబ్బ తీసిందో బ్రిటిషు బస్సు డిపోల వాళ్ళు కథలు కథలుగా చెబుతారు. నిజాం కొలువులో నడిచిన పద్ధతి బస్సు డిపోలో నడవలేదు.

2008 మార్చి 23న విమానాలు బేగంపేట వదిలి షంషాబాదుకు వచ్చాయి. సరిగ్గా మూడు రోజుల తర్వాత, 26న, జాగ్వార్‌ను టాటాలు కొంటున్నట్టు ప్రకటన వెలువడింది. 697ను పోసినవారి చేతికే ఎక్స్‌కె వంశం వచ్చిందన్నమాట. ఆ ఇంటి నుంచి 2019లో మళ్ళీ కొత్త ఆరు సిలిండర్ల వరుస ఇంజను వచ్చింది. మెర్సిడెస్ వారూ వి ఆకారాన్ని పక్కన పెట్టి వరుసకే తిరిగి వచ్చారు. నాలుగు సిలిండర్ల ఇంజనుతో భాగాలు పంచుకోవచ్చు, టర్బో, పొగను శుద్ధి చేసే సరంజామా అంతా ఒకే పక్కన పెట్టుకోవచ్చు.

హైదరాబాదులో పాత సిక్స్ సిలిండర్ పెట్రోలు కారును బాగు చేయించి, కాస్త హుషారు చేద్దామనుకునేవారు నన్నడిగితే, హెడ్డు కొనే ముందు జబల్‌పూరును తలచుకోమంటాను. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. పాత ఇనుప తలల్లో కవాటం కూర్చునే పీటను ఆ సీసమే పూతలా కాపాడేది. అది పోయాక గట్టి ఉక్కు సీట్లు వేయించకపోతే ఎగ్జాస్టు కవాటం పీటలోకి కూరుకుపోతుంది. ఆక్టేను సంగతి దీనికి తలకిందులు. 88 ఉన్న పెట్రోలు 2005 ఏప్రిల్‌లో మన నగరానికి 91గా వచ్చింది, 20 శాతం ఇథనాలు కలిపిన ఈనాటి పెట్రోలుకు 95. ఒకప్పుడు ఏడుకు మించితే నాక్ కొట్టిన తల ఇప్పుడు తొమ్మిదిని సులువుగా భరిస్తుంది. ఆరు సిలిండర్ల 3,442 ఇంజనులో ఎనిమిది నిష్పత్తి నుంచి తొమ్మిదికి పోవాలంటే ఒక్కో దహనగదిలో తగ్గవలసినది పది ఘన సెంటీమీటర్లు మాత్రమే. హెడ్డును గీకించకుండా పిస్టన్లు మార్చి ఆ పని చేసుకోవడం మేలు, జాగ్వార్ వాళ్ళు చేసినదీ అదే. ఒకసారి గీకిన లోహం తిరిగి రాదు, ఆ హెడ్డుకు ఇంకో హెడ్డు ఈ ఊళ్ళో దొరకదు. ఇథనాలు పాత రబ్బరు గొట్టాలను తినేస్తుంది కాబట్టి కార్బురేటరు దాకా వాటినీ మార్పించాలి.

పోర్టుల జోలికి మాత్రం అన్నీ అయ్యాకే వెళ్ళండి.